విమాన విడిభాగాల పంపిణీదారులు - నిబంధనలు, ధ్రువపత్రాలు

విమాన విడిభాగాల పంపిణీదారులు అనగా విమానాలకు, వాటి ఇంజన్లకు కావలసిన విడిభాగాలను తయారీదారుల నుండి గాని, ఇతర యజమానుల నుండి గాని కొని, నిల్వచేసి, విమానయాన సంస్థలకు, మరమ్మతు కేంద్రాలకు అమ్మే వ్యాపార సంస్థలు. వీరు భాగాలను తయారు చేయరు, మరమ్మతు చేయరు, విమానానికి బిగించరు. అయినప్పటికీ ఒక భాగం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది, ఎగరడానికి పనికివస్తుందా అనే విషయాలను తెలిపే పత్రాలు వీరి ద్వారానే చివరి కొనుగోలుదారుకు చేరతాయి. అందువలన విమాన ప్రయాణ భద్రతలో వీరి పాత్ర ముఖ్యమైనది. 1990 ల నుండి ఈ వ్యాపారానికి సంబంధించిన నిబంధనలు, పత్రాల పద్ధతులు పలుమార్లు మారాయి. ఆ మార్పులు, వాటికి దారితీసిన కారణాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

నేపథ్యం

విమానం వయసు సాధారణంగా రెండు మూడు దశాబ్దాలు. ఈ కాలంలో దాని భాగాలు అనేకసార్లు మార్చబడతాయి. ప్రతి విమానయాన సంస్థ అన్ని భాగాలనూ తన గిడ్డంగిలో నిల్వ ఉంచుకోవడం సాధ్యం కాదు. ఒక చిన్న భాగం దొరకక విమానం నేలపై నిలిచిపోతే నష్టం చాలా ఎక్కువగా ఉంటుంది. ఇటువంటి స్థితిని ఈ రంగంలో "ఏ.ఓ.జి." అని వ్యవహరిస్తారు. ఈ అవసరాన్ని తీర్చడానికే పంపిణీదారుల వ్యవస్థ ఏర్పడింది.

పంపిణీదారుల వద్ద లభించే భాగాలు ముఖ్యంగా మూడు రకాలు.

1. తయారీదారు నుండి నేరుగా వచ్చిన కొత్త భాగాలు.
2. విమానయాన సంస్థలు వాడకుండా మిగుల్చుకొని తరువాత అమ్మివేసిన భాగాలు.
3. సేవ నుండి విరమించిన విమానాలను విడగొట్టగా వచ్చిన, వాడిన భాగాలు. వీటిని మరమ్మతు కేంద్రంలో పరీక్షించి, ధ్రువపత్రం పొందిన తరువాతనే మళ్ళీ వాడవచ్చు.

మూడవ రకం విషయంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. ముఖ్యంగా ఇంజనులోని డిస్కుల వంటి కొన్ని భాగాలకు నిర్ణీత ఆయుష్షు ఉంటుంది. అవి ఎన్నిసార్లు ఎగిరాయో లెక్కించి, ఆ సంఖ్య నిండగానే, చూడటానికి బాగున్నా సరే, తీసివేయాలి. అటువంటి భాగాన్ని కొనేవారు అది తయారైన నాటి నుండి నేటి వరకు చరిత్రను అడుగుతారు. మన ప్రాంతంలో భూమి కొనేటప్పుడు లింకు దస్తావేజులన్నీ వరుసగా చూచుకొనడం వంటిదే ఇది. మధ్యలో ఒక దస్తావేజు లేకపోతే భూమి ఎంత మంచిదైనా కొనడానికి వెనుకాడినట్లే, మధ్యలో ఒక యజమాని రికార్డు లేకపోతే లక్షల రూపాయల విలువైన భాగం కూడా తుక్కు కింద లెక్క.

విడుదల ధ్రువపత్రం

భాగంతో పాటు వచ్చే పత్రాలలో అతి ముఖ్యమైనది అధీకృత విడుదల ధ్రువపత్రం. వివిధ దేశాలలో దీని పేర్లు ఇలా ఉన్నాయి.

* అమెరికా సంయుక్త రాష్ట్రాలు - ఎఫ్.ఏ.ఏ. (ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్) ఫారం 8130-3
* ఐరోపా సమాఖ్య - ఈ.ఏ.ఎస్.ఏ. (యూరోపియన్ యూనియన్ ఏవియేషన్ సేఫ్టీ ఏజెన్సీ) ఫారం 1
* కెనడా - ఫారం ఒన్
* బ్రిటన్ - సి.ఏ.ఏ. ఫారం 1
* భారతదేశం - సి.ఏ. ఫారం 1

పేర్లు వేరైనా ఎఫ్.ఏ.ఏ., ఈ.ఏ.ఎస్.ఏ. పత్రాల అమరిక దాదాపు ఒకటే. పత్రం సంఖ్య, జారీచేసిన సంస్థ పేరు, చిరునామా, భాగం వర్ణన, పార్టు నంబరు, పరిమాణం, సీరియల్ నంబరు, భాగం స్థితి, వ్యాఖ్యలు అనే గడులు ఉంటాయి. 11 వ గడిలో భాగం కొత్తదా, పూర్తిగా విప్పి బాగుచేసినదా, మరమ్మతు చేసినదా, కేవలం పరీక్షించినదా అన్నది వ్రాస్తారు. 13 వ గడి కొత్తగా తయారైన భాగాలకు, 14 వ గడి మరమ్మతు తరువాత సేవకు తిరిగి విడుదలైన భాగాలకు ఉద్దేశించినవి. ఈ రెండు గడులలో ఏది నిండి ఉందో చూస్తే చాలు, పత్రం ఎవరి పని గురించి చెబుతున్నదో తెలుస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఏమంటే, ఈ ధ్రువపత్రంపై సంతకం చేసే అధికారం కేవలం పంపిణీదారు అయినవారికి లేదు. ఆమోదం పొందిన తయారీదారు, ఆమోదం పొందిన మరమ్మతు కేంద్రం, లేదా ప్రభుత్వ సంస్థ నియమించిన ప్రతినిధి మాత్రమే సంతకం చేయగలరు. పంపిణీదారు తనకు అందిన పత్రాన్ని భద్రపరచి భాగంతో పాటు పంపాలి. వంద బోల్టులు ఒకే పత్రంతో వచ్చి, వాటిని అయిదుగురికి పంచి అమ్మినప్పుడు, మూలపత్రాన్ని తన వద్ద ఉంచుకొని ప్రతివారికీ దాని నకలు ఇవ్వడం ఆనవాయితీ. తప్పుడు పత్రాలకు అవకాశం కలిగేది కూడా ఈ నకళ్ళ దశలోనే.

మార్పులకు దారితీసిన సంఘటనలు

పార్ట్‌నేర్ ప్రమాదం (1989)

1989 సెప్టెంబర్ 8 న నార్వేకు చెందిన పార్ట్‌నేర్ సంస్థ కాన్వేర్ 580 విమానం ఓస్లో నుండి హాంబర్గ్ వెళ్తూ డెన్మార్క్ తీరానికి దగ్గరలో సముద్రంలో కూలిపోయింది. అందులోని 55 మందీ మరణించారు. తోక భాగంలోని నిలువు రెక్కను బిగించిన కొన్ని భాగాలు నిర్ణీత నాణ్యత లేని నకిలీలని, అవి అరిగిపోయి, తోకలో పుట్టిన కంపనాలను తట్టుకోలేకపోయాయని దర్యాప్తులో తేలింది. నకిలీ విడిభాగాల ప్రమాదాన్ని చెప్పేటప్పుడు నేటికీ ముందుగా ఉదహరించే సంఘటన ఇదే.

కాలి ప్రమాదం (1995)

1995 డిసెంబర్ 20 న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 వ విమానం కొలంబియాలోని కాలి నగరం సమీపంలో కొండను ఢీకొన్నది. 159 మంది మరణించారు. ఈ ప్రమాదానికి విడిభాగాలు కారణం కాదు. అయితే శిథిలాల నుండి భాగాలను దొంగిలించి బయట అమ్మకానికి పెట్టినట్లు ఆ తరువాత వార్తలు వచ్చాయి. కూలిన విమానం భాగాలు మరొక విమానంలోకి చేరగలవన్న భయాన్ని ఈ సంఘటన కలిగించింది. ఒక భాగం ఏ ప్రమాదానికీ గురి కాలేదని తెలిపే ప్రకటనను అమ్మకందారుల నుండి అడగడం ఈ వ్యాపారంలో నేడు మామూలు అయింది.

అమెరికాలో మార్పులు

1995 లో ఎఫ్.ఏ.ఏ. ఆమోదం లేని భాగాల వ్యవహారాలను చూడటానికి ఒక ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది. పంపిణీదారులకు కూడా లైసెన్సు ఉండాలా అన్న చర్చ అప్పుడే జరిగింది. చివరకు ప్రభుత్వం లైసెన్సు బదులు స్వచ్ఛంద గుర్తింపు పద్ధతిని ఎంచుకున్నది. 1996 లో వెలువడిన 00-56 అనే సలహా పత్రం దీనికి పునాది. దీని ప్రకారం పంపిణీదారులు ఒక నాణ్యతా ప్రమాణాన్ని పాటించి, బయటి సంస్థచేత తనిఖీ చేయించుకొని గుర్తింపు పొందుతారు. ఏవియేషన్ సప్లయర్స్ అసోసియేషన్ రూపొందించిన ఏ.ఎస్.ఏ.-100, అంతర్జాతీయ ఏరోస్పేస్ నాణ్యతా ప్రమాణాలలోని ఏ.ఎస్. 9120 ఇటువంటి ప్రమాణాలే. 00-56 పత్రం 2002 లోను, 2015 లోను సవరించబడింది.

2000 సంవత్సరంలో అమెరికా కాంగ్రెస్ విమాన విడిభాగాల మోసాన్ని ప్రత్యేక నేరంగా పరిగణిస్తూ చట్టం చేసింది. మోసంతో అమ్మిన భాగాన్ని విమానంలో బిగించి ఉంటే 15 సంవత్సరాల వరకు, ఆ భాగం విఫలమై ఎవరికైనా తీవ్రంగా గాయాలైతే 20 సంవత్సరాల వరకు, మరణం సంభవిస్తే జీవితాంతం జైలుశిక్ష విధించవచ్చు.

2005 లో మరొక నిబంధన అమలులోకి వచ్చింది. విమాన భాగాల గురించి ఉద్దేశపూర్వకంగా అబద్ధపు లేదా తప్పుదారి పట్టించే ప్రకటనలు చేయడాన్ని ఇది నిషేధిస్తుంది. ఎఫ్.ఏ.ఏ. అనుమతి పత్రం ఉన్నవారికే కాక ఎవరికైనా ఇది వర్తిస్తుంది. లైసెన్సు లేని పంపిణీదారులను నేరుగా తాకిన నిబంధన కనుక దీనికి ప్రాముఖ్యం ఉన్నది.

2009 లో ప్రచురించిన సవరణలు భాగాలను తయారు చేసేవారికి సంబంధించినవి. అమ్మకానికి ప్రత్యామ్నాయ భాగాలను తయారు చేసేవారు, నట్లు, బోల్టుల వంటి ప్రామాణిక భాగాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ప్రభుత్వ ఆమోదం పొంది ఉండాలని ఇవి స్పష్టం చేశాయి.

2015-16 నాటి పత్రాల మార్పు

పంపిణీదారులను ఎక్కువగా కలవరపెట్టిన మార్పు ఇదే కావచ్చు. అమెరికా, ఐరోపా సమాఖ్యల మధ్య విమాన భద్రతా ఒప్పందం 2008 లో కుదిరి, 2011 మే 1 నుండి అమలులోకి వచ్చింది. ఒకరి మరమ్మతు కేంద్రాలను మరొకరు గుర్తించే పద్ధతిని వివరించే మార్గదర్శక గ్రంథం ఈ ఒప్పందంలో భాగం. దాని అయిదవ సవరణ 2015 లో వచ్చింది. ఐరోపా ఆమోదం కలిగిన అమెరికా మరమ్మతు కేంద్రాలు, ఐరోపా నియమాల కింద పనిచేసేటప్పుడు, అమెరికా తయారీదారు నుండి వచ్చిన కొత్త భాగాలకు కూడా ఫారం 8130-3 ఉండాలని ఈ సవరణ కోరింది.

అంతవరకు అమెరికాలో కొత్త భాగానికి ఈ ఫారం తప్పనిసరి కాదు. తయారీదారు ఇచ్చే అనురూపతా ధ్రువపత్రం, అనగా "ఈ భాగం నిర్ణీత నమూనాకు అనుగుణంగా ఉన్నది" అనే కాగితం సరిపోయేది. పంపిణీదారుల గిడ్డంగులలోని సరుకులో చాలా భాగం ఆ కాగితంతోనే ఉండేది. సరుకులో లోపం లేదు, నియమాన్ని ఉల్లంఘించినదీ లేదు. కాని కొత్త నియమం వలన ఆ సరుకును కొనేవారు తగ్గిపోయే పరిస్థితి ఏర్పడింది.

సమస్య అక్కడితో ఆగలేదు. అప్పటికి తయారీదారులు తమంతట తాము కొత్త భాగాలకు ఈ ఫారం జారీచేసే వీలు లేదు, ఎఫ్.ఏ.ఏ. నియమించిన ప్రతినిధి చేత చేయించవలసి ఉండేది. దీనిని సరిచేయడానికి 2015 అక్టోబర్ 1 న ఒక సవరణ ప్రచురించబడింది. దాని ప్రకారం ఆమోదం పొందిన తయారీదారులు తమ నాణ్యతా వ్యవస్థ కింద స్వయంగా ఫారం 8130-3 జారీచేయవచ్చు.

ఐరోపా పక్షంతో చర్చల అనంతరం గడువు పొడిగించి, చివరకు 2016 అక్టోబర్ 1 ని హద్దుగా నిర్ణయించారు. ఆ తేదీకి ముందు తయారీదారు విడుదల చేసిన భాగాలకు కనీసం ఆ తయారీదారు ఇచ్చిన పత్రం ఉంటే చాలు. ఆ తరువాత విడుదలైన వాటికి ఫారం తప్పనిసరి. ఈ విధంగా పాత సరుకుకు కొంత రక్షణ లభించింది. అయితే తయారీదారు పత్రం కూడా లేకుండా మిగిలిపోయిన సరుకును అమ్ముకోవడం కష్టమైంది.

ఐరోపా, బ్రిటన్

ఈ.ఏ.ఎస్.ఏ. 2002 లో ఏర్పడి, 2003 సెప్టెంబర్ నుండి పని ప్రారంభించింది. అంతకు ముందు ఐరోపాలో జె.ఏ.ఏ. అనే ఉమ్మడి సంస్థ పత్రం "ఫారం ఒన్" వాడుకలో ఉండేది. ఐరోపాలో కూడా పంపిణీదారులకు ప్రభుత్వ లైసెన్సు లేదు. భాగాన్ని విమానానికి బిగించే మరమ్మతు కేంద్రమే దాని పత్రాలను, స్థితిని పరిశీలించి అంగీకరించాలి. బాధ్యత బిగించేవారిది కనుక, తమకు సరుకు ఇచ్చే పంపిణీదారులను వారే అంచనా వేసుకోవాలి.

2022 డిసెంబర్ 2 నుండి ఐరోపా మరమ్మతు కేంద్రాలకు భద్రతా నిర్వహణ వ్యవస్థను వర్తింపజేశారు. పాత కేంద్రాలకు 2024 డిసెంబర్ 2 వరకు గడువు ఇచ్చారు. దీని ప్రకారం ఎదురుకాగల ప్రమాదాలను ముందుగానే గుర్తించి అంచనా వేయాలి. సరుకు ఎవరి నుండి వస్తున్నది అనేది కూడా అటువంటి అంచనాలో చేరుతుంది. పంపిణీదారుల పైన నేరుగా నియమం పెట్టకపోయినా, వారిని ప్రశ్నించే కొనుగోలుదారుల పైన పెట్టడం వలన ఫలితం వారికీ చేరుతుంది.

బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన పిమ్మట, 2021 జనవరి 1 నుండి అక్కడి సంస్థలు సి.ఏ.ఏ. ఫారం 1 జారీచేస్తున్నాయి. ఐరోపాలోని వినియోగదారులకు ఈ.ఏ.ఎస్.ఏ. ఫారం 1 ఇవ్వదలచిన బ్రిటన్ మరమ్మతు కేంద్రాలు విదేశీ సంస్థలుగా ఈ.ఏ.ఎస్.ఏ. నుండి విడిగా ఆమోదం పొందవలసి వచ్చింది. అంతకు ముందు చెల్లుబాటుగా జారీ అయిన ధ్రువపత్రాలు మాత్రం చెల్లుతూనే ఉన్నాయి. అందుచేత బ్రిటన్ నుండి వచ్చిన భాగం పత్రంపై తేదీ చూడటం గిడ్డంగి పరిశీలకులకు అవసరమైంది.

ఏ.ఓ.జి. టెక్నిక్స్ ఉదంతం (2023)

2023 లో పోర్చుగల్‌కు చెందిన ట్యాప్ విమానయాన సంస్థ ఇంజనీరింగ్ విభాగం, బ్రిటన్‌లోని ఏ.ఓ.జి. టెక్నిక్స్ అనే పంపిణీదారు నుండి కొన్న భాగాల పత్రాలను అనుమానించి, తయారీదారు అయిన సాఫ్రాన్‌ను విచారించింది. ఆ పత్రం తమది కాదని జవాబు వచ్చింది. ఇవి ముఖ్యంగా సి.ఎఫ్.ఎం.56 ఇంజన్ల భాగాలు. పాత తరం బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ320 విమానాలలో ఈ ఇంజన్లు విస్తారంగా వాడుకలో ఉన్నాయి. బ్రిటన్, ఐరోపా, అమెరికా సంస్థలు వెంటనే హెచ్చరికలు జారీచేశాయి. 126 ఇంజన్లలో ఈ భాగాలు ఉండవచ్చని సి.ఎఫ్.ఎం. సంస్థ 2023 అక్టోబర్‌లో తెలిపింది. పలు విమానయాన సంస్థలు ఇంజన్లను విప్పి భాగాలను మార్చవలసి వచ్చింది. 2023 డిసెంబర్‌లో బ్రిటన్ తీవ్ర మోసాల విచారణ సంస్థ దర్యాప్తు ప్రకటించింది. 2025 లో ఆ సంస్థ డైరెక్టరు న్యాయస్థానంలో నేరం అంగీకరించాడు.

ఈ ఉదంతం వలన ప్రమాదం ఏదీ జరగలేదు. అయితే ఒక లోపం బయటపడింది. కొనుగోలుదారులు పత్రం సక్రమంగా ఉందా అని చూశారే గాని, అది నిజంగా ఆ తయారీదారు జారీచేసినదేనా అని అడిగినవారు చాలాకాలం వరకు లేరు. చివరకు మోసాన్ని బయటపెట్టినది ఏ యంత్రమూ కాదు, జారీచేసినవారికే పత్రాన్ని చూపి అడగడం అనే సాధారణ పద్ధతి.

దీని తరువాత 2024 లో ఎయిర్‌బస్, బోయింగ్, జి.ఇ., సాఫ్రాన్, కొన్ని అమెరికా విమానయాన సంస్థలు కలిసి ఒక కూటమిగా ఏర్పడి, అదే సంవత్సరం 13 సిఫారసులతో నివేదిక వెలువరించాయి. అమ్మకందారుల గుర్తింపును బలపరచడం, పత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్చడం, సరుకు అందుకునేటప్పటి తనిఖీని మెరుగుపరచడం, పనికిరాని భాగాలను మళ్ళీ అమ్మడానికి వీలు లేకుండా నాశనం చేయడం వంటివి ఇందులోని ముఖ్య విషయాలు.

భారతదేశంలో

భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఏ.) నియంత్రణ సంస్థ. మరమ్మతు కేంద్రాలకు వర్తించే సి.ఏ.ఆర్.-145 నియమాలు ఐరోపా నియమాల నమూనాలో రూపొందాయి. విదేశాల నుండి వచ్చే భాగాలకు పైన పేర్కొన్న విడుదల ధ్రువపత్రాలు ఉండాలి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 వచ్చింది. ఇది 2025 జనవరి 1 నుండి అమలులో ఉన్నది.

పన్నుల విషయంలో 2024 జూలై 15 నుండి దిగుమతి చేసుకునే విమానాల, ఇంజన్ల విడిభాగాలకు షరతులకు లోబడి ఒకే విధంగా 5 శాతం ఐ.జి.ఎస్.టి. నిర్ణయించారు. అంతకు ముందు భాగాన్ని బట్టి వేర్వేరు రేట్లు ఉండటం వలన వర్గీకరణ తగాదాలు వచ్చేవి.

హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలో జి.ఎం.ఆర్. ఏరో టెక్నిక్ మరమ్మతు కేంద్రం పనిచేస్తున్నది. సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబర్ 26 న హైదరాబాదులో ప్రారంభమైంది. ఇటువంటి కేంద్రాల గిడ్డంగులలో సరుకును స్వీకరించే ఉద్యోగులకు ఈ పత్రాల పరిజ్ఞానం నిత్యావసరం.

సరుకు అందుకునేటప్పుడు చూచే అంశాలు

* పత్రంలోని పార్టు నంబరు, సీరియల్ నంబరు భాగంపై ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.
* భాగం స్థితి, వ్యాఖ్యల గడి ఒకదానితో ఒకటి పొసగాలి. కొత్తది అని వ్రాసి ఉన్న భాగంపై వాడిన గుర్తులు ఉండరాదు.
* దిద్దివేతలు, వేర్వేరు అక్షర రూపాలు, వంకరగా అతికినట్లున్న సంతకాలు అనుమానానికి తావిస్తాయి.
* రబ్బరు వాషర్ల వంటి వాటికి నిల్వ గడువు చూడాలి.
* ధర మామూలు కంటే చాలా తక్కువగా ఉన్నా, దొరకని భాగం వెంటనే దొరికినా కారణం విచారించాలి.
* అనుమానం ఉంటే భాగాన్ని విడిగా ఉంచి, పత్రం జారీచేసిన సంస్థను నేరుగా సంప్రదించాలి. అమ్మినవారు ఇచ్చిన ఫోను నంబరుకు కాక, ఆ సంస్థ ప్రకటించిన చిరునామాకే వ్రాయాలి.

విమర్శలు

ప్రస్తుత పద్ధతిపై మూడు విమర్శలు వినవస్తున్నాయి. మొదటిది, పంపిణీదారుల గుర్తింపు నేటికీ స్వచ్ఛందమే. గుర్తింపు లేనివారు కూడా వ్యాపారం చేయవచ్చు. రెండవది, దేశానికొక ఫారం ఉండటం వలన చిన్న వ్యాపారులకు పత్రాల ఖర్చు పెరిగి, నిజాయితీపరులే ఎక్కువ భారం మోస్తున్నారు. మూడవది, పత్రం ఎంత పటిష్ఠమైనా అది భాగానికి సాక్షి మాత్రమే, భాగం కాదు. 2024 లో కొన్ని బోయింగ్, ఎయిర్‌బస్ విమానాలలో వాడిన టైటానియం లోహానికి తప్పుడు ధ్రువపత్రాలు ఉన్నట్లు బయటపడింది. అక్కడ తప్పు విడుదల పత్రంలో కాదు, అంతకు ఎన్నో మెట్ల కింద ముడిసరుకు దశలోనే జరిగింది.

ఎలక్ట్రానిక్ సంతకాలు, ఎలక్ట్రానిక్ పత్రాల మార్పిడి వలన నకళ్ళ బెడద తగ్గుతుందని నిపుణుల ఆశ. అయితే పాత భాగాలు ఇంకా చాలా సంవత్సరాలు కాగితాలతోనే చేతులు మారుతాయి. అంతవరకు ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివే గిడ్డంగి పరిశీలకుడే ప్రయాణికునికి రక్షణ.

ఇవి కూడా చూడండి

* పౌర విమానయానం
* విమాన ప్రమాదాలు
* జెట్ ఇంజను
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం